నాలుగో రోజు ఖాళీ

పెళ్ళి వంటలకు లిస్టు రాయడం నా పని. వంట నాది కాదు, వండేవాళ్ళు వేరే ఉన్నారు. ఎన్ని ప్లేట్లో చెప్తే చాలు. బియ్యం ఎంత, నూనె ఎంత, పచ్చిమిర్చి ఎంత, సిలిండర్లు ఎన్ని, వడ్డించేవాళ్ళు ఎంతమంది, అన్నీ కాగితం మీద పెట్టి, కింద ఒక అంకె వేసి ఇస్తాను. మారేడ్‌పల్లి, అల్వాల్, బొల్లారం ఫంక్షన్ హాళ్ళలో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే బతుకు. మా లైనులో ఒక పద్ధతి ఉంది. పెళ్ళివారు మూడొందల ప్లేట్లంటే మేం మూడొందల ముప్పైకి రాస్తాం. ఆ ముప్పై మంది ఎవరని ఎవరూ అడగరు. పిలవకుండా వచ్చేవాళ్ళు ఉంటారు, పిలిస్తే ఇంకో ఇద్దరిని వెంటేసుకొచ్చేవాళ్ళు ఉంటారు, ఒకసారి తిని చేయి కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చునేవాళ్ళు ఉంటారు. అన్నం తక్కువైందన్న మాట మా మీద పడకూడదు, అంతే.

ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, మా ఆవిడ పెట్టుకున్న మూడు టూర్లను నేను ఈ పెన్నుతోనే ఆపాను. ఒకసారి ఊటీ, ఒకసారి మున్నార్, ఒకసారి డార్జిలింగ్. వద్దని ఒక్కసారి కూడా అనలేదు. "పోదాం, లెక్క రాస్త ఆగు" అన్నాను. ఇద్దరం వెళ్ళే టూరుకు ముగ్గురికి రాశాను, ఎవరైనా మేమూ వస్తామంటే ఉండాలి కదా అని. బస్సు తప్పిపోతే ఒక రోజు ఎక్స్‌ట్రా, జ్వరమొస్తే డాక్టరు, వానొస్తే కారు, ఇట్లా మీద మీద వేసుకుంటూ పోయాను. చివరి అంకె చూసి ఆమే "ఇప్పుడెందుకు లెండి" అనేది. నేను మంచి మొగుడిగానే మిగిలిపోయేవాణ్ణి.

ఆమె ఒక స్కూల్లో సోషల్ టీచర్. కిందటేడు ఎండాకాలంలో మోకాలు నొప్పంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఎక్స్‌రేని వెలుతురుకు ఎత్తి చూసి, ఇంకో రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు ఈ మోకాలుతో బాగానే నడుస్తారు, తర్వాత ఆపరేషన్ సంగతి చూద్దాం అన్నారు. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి, గ్లాసు పెట్టేసి అంది.

"నేను చెట్లు ఆగిపోయే జాగ చూడాలె."

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది.

"ఇరవై ఆరేండ్ల సంది పిల్లలకు చెప్తున్న. కొండ మీదికి పోంగ పోంగ చెట్లు పొట్టిగైతయి, ఒక ఎత్తు దాటినంక ఇగ చెట్లే ఉండయి, గడ్డే ఉంటది అని. బోర్డు మీద గీత గీసి, ఇది దాటితే చెట్టు లేదు అంటా. ఆ గీత నేనే గీస్త. ఒక్కనాడన్న చూసిన్నా?"

"టీవీల చూపిస్తరు గదే."

"టీవీల కాదు. గుర్రం మీద సుత కాదు. మోకాలు పనిచేస్తుండంగనే నా కాళ్ళతోని నడిసి పోవాలె."

నవ్వుదామనుకున్నాను గానీ నవ్వు రాలేదు. పైగా ఆ ప్రశ్న నాకు కూడా పట్టుకుంది. చెట్లు ఎట్లా ఆగుతాయి? మన కాలనీ ప్రహరీ గోడ దగ్గర ఆగినట్టు వరసగా ఆగుతాయా? చివరి చెట్టు అని ఒకటి ఉంటుందా? ఉంటే దాన్ని ఎవరైనా గుర్తుపెట్టుకుంటారా? ఆ వారమంతా బిర్యానీకి బాస్మతి లెక్క రాస్తూ కూడా అదే ఆలోచించాను.

ఆమె స్టాఫ్‌రూములో అడిగి, కొండలు తిరిగొచ్చినవాళ్ళ నుంచి హిమాచల్‌లో ఒక పార్కు సంగతి తెలుసుకుంది. కొండలు, అడవి, పైన గడ్డి మైదానాలు, మోటారు రోడ్డు ఉండదు, నడకే. అక్కడి గైడు నంబరు కూడా సంపాదించింది. బేరం నా పని కాబట్టి ఫోన్ నాకిచ్చింది. నేను మన హైదరాబాద్ హిందీలో షురూ చేశాను.

"చెట్లు అయిపోయే చోటికి ఎన్ని కిలోమీటర్లు?"

"మొదటి రోజు నాలుగు గంటలు సాబ్. రెండో రోజు ఐదు."

"గంటలు కాదయ్యా, కిలోమీటర్లు చెప్పు."

"ఎవరి కాళ్ళతో సాబ్? నా కాళ్ళతో అయితే రెండు రోజుల్లో పోయి వస్తాను. మీ ఇంట్లో రోజూ ఎన్ని మెట్లెక్కుతారు?"

మాది మూడో అంతస్తు, లిఫ్టు ఉంది అన్నాను. అతను మర్యాదగా, అయితే వారం రోజులు పెట్టుకుని రండి అన్నాడు.

ఇక నేను లిస్టుకు కూర్చున్నాను. ఢిల్లీ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు, ఆ తర్వాత జీపు. పార్కులోకి మనిషికి రోజుకింత చొప్పున పర్మిట్. గైడుకు రోజుకింత. గుడారం, పడుకునే సంచీలు అద్దెకు. సామాను మోయడానికి కూలీలు. ఇంతవరకూ సులువే. తిండి దగ్గరికొచ్చేసరికి నా ఇరవై ఎనిమిదేళ్ళ తెలివి తెల్లమొహం వేసింది.

పెళ్ళిలో అన్నం ఒకచోట ఉంటుంది, మనుషులు దాని దగ్గరికి వస్తారు. కొండ మీద అన్నం మనుషులతో పాటు నడవాలి. బియ్యం పెంచితే ఇంకో కూలీ కావాలి. ఆ కూలీ కూడా రోజుకు మూడు పూటలు తింటాడు. కాబట్టి అతను మోసే సంచిలో అతను తినే బియ్యం కూడా ఉంటుంది. నేను అలవాటు కొద్దీ అన్నిటికీ పైన పదో వంతు వేశాను. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడి, సకినాలు, చెక్కలు, ఒక చిన్న కుక్కరు కూడా. అప్పుడు మూడో కూలీ అవసరమయ్యాడు. లెక్క చూస్తే ఆ మూడో మనిషి మోసేదాంట్లో సగం అతని తిండే, మిగతా సగం ఎవరూ తినని ఎక్స్‌ట్రా. పిలవకుండా వచ్చే చుట్టాల కోసం ఆ ఎత్తుకు ఆవకాయ మోయించబోతున్నాను. అది తెలిసి కూడా ఆ పదో వంతును కొట్టేయడానికి చెయ్యి రాలేదు.

ఆమె ప్లాను మాత్రం ఆమె నోటుబుక్కులో ఉంది. టీచర్లు పాఠం చెప్పేముందు రాసుకునే పద్ధతిలోనే రాసింది. పైన యూనిట్ పేరు, కింద లక్ష్యాలు, కావలసిన సామగ్రి, తర్వాత రోజులు వరసగా. ఒకటో రోజు ఊరి నుంచి మొదటి మకాం. రెండో రోజు వాగు దాటి అడవిలో. మూడో రోజు అటవీ శాఖ వాళ్ళ గుడిసె. ఐదో రోజు చెట్లు ఆగే చోటు. ఆరు, ఏడు దిగడం. నాలుగో రోజు ఎదురుగా ఒకే మాట ఉంది, ఖాళీ.

"ఖాళీ అంటే ఏం చేస్తమే ఆ రోజు?" అన్నాను.

"ఏం చెయ్యం."

"ఏం చెయ్యనందుకు పర్మిట్ కడ్తమా? గైడుకు, ఇద్దరు కూలీలకు పైసలిస్తమా?"

"ఇస్తం."

నేను పెన్సిల్‌తో ఆ రోజు కొట్టేశాను. మర్నాడు చూస్తే మళ్ళీ రాసి ఉంది. మళ్ళీ కొట్టేశాను, మళ్ళీ రాసింది. మూడోసారి పెన్నుతో కొట్టేస్తే పక్క పేజీలో మొత్తం ప్లాను తిరగరాసి, నాలుగో రోజు ఖాళీ అని కింద గీత కూడా పెట్టింది. ఎందుకో చెప్పలేదు. మూడు టూర్లు పోగొట్టుకున్న మనిషి నోరు తెరిచి అడుక్కోదు కదా. ఆమె మోకాలుకి విశ్రాంతి కోసమే పెట్టుకుందని, చెప్పుకోవడానికి నామోషీ పడుతోందని నాకు నేనే తేల్చుకున్నాను. అందుకని మోకాలు పట్టీలు రెండు జతలు కొన్నాను, నొప్పి నూనె కొన్నాను, చేతికర్రలు కొన్నాను. ఇంత చేశాక రోజంతా పడుకోవడానికి డబ్బు పోయడం దండగ అనిపించింది. ఒకరోజు ఆమె స్కూలుకి వెళ్ళాక గైడుకి ఫోన్ చేసి, నాలుగో రోజు తీసెయ్యి, ఆరు రోజులే అన్నాను. అతను ఒక క్షణం ఆగి "అచ్ఛా సాబ్" అన్నాడు. పని సాధించినట్టు హాయిగా టీ పెట్టుకుని తాగాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే కోపమొస్తుంది.

సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే మౌలాలి గుట్టకు వెళ్ళాం. నాలుగు వందల పైచిలుకు మెట్లు. బ్యాగుల్లో నిజంగా తీసుకెళ్ళే బరువే పెట్టుకుని ఎక్కి చూద్దామన్నది ఆమె ఆలోచన. ఆమె బ్యాగు ఆరు కిలోలు. నాది పదకొండు, ఎందుకంటే కుక్కరు నా దాంట్లోనే ఉంది. ఎందుకైనా మంచిదని దార్లో రెండు బత్తాయిలు కూడా వేసుకున్నాను.

మొదటి యాభై మెట్లు నేనే ముందు. ఆమె ప్రతి మెట్టుకూ ఎడమ కాలు ముందు పెట్టి, దాని పక్కకు కుడికాలు చేర్చి, నిదానంగా వస్తోంది. నేను పైనుంచి ఆగి చూసి, "తొందర లేదు, మెల్లగ రా" అని సలహాలిచ్చాను. డెబ్బై దాకా కూడా ఇచ్చాను. వంద దాటాక నోట్లోంచి సలహా రావడం ఆగిపోయింది. ఛాతీలో గాలి చాలలేదు, చెవుల్లో ఏదో కొట్టుకుంటోంది. పక్కకు తిరిగి, ఫోన్ తీసి, చాలా ముఖ్యమైనదేదో చదువుతున్నట్టు నిలబడ్డాను.

ఆమె నన్ను దాటింది. ఆగలేదు. ఎడమ కాలు, కుడి కాలు, ఎడమ కాలు, కుడి కాలు. అట్లాగే పైదాకా వెళ్ళిపోయింది. నేను అక్కడే రాతి మీద కూలబడ్డాను. కింద రైలు పట్టాలు, నీళ్ళ ట్యాంకులు, సికింద్రాబాద్ అంతా పొద్దుటెండలో పరుచుకుని ఉంది. అదంతా చూసి ఆనందించే స్థితిలో నేను లేను. భయమేసింది. గుండెపోటేమోనని కాదు. ఈ టూరుని ఈసారి లెక్క రాయకుండానే ఆపేయబోతున్నానని.

ఆమె దిగొచ్చింది. దిగడమే ఆమెకు కష్టం, అందుకని ఒక పక్కకు తిరిగి, గోడ పట్టుకుని దిగుతుంది. నా పక్కన కూర్చుని మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

"సిగ్నల్ ఉన్నదా?" అంది.

"ఏం సిగ్నల్?"

"ఫోన్ చూస్తుండ్రి గదా."

చెమట కారిపోతోంది. విసురుకోండని తన నోటుబుక్కు ఇచ్చింది. విసురుకుంటుంటే పేజీలు తెరుచుకున్నాయి. నేను ఎప్పుడూ తిప్పని వెనక పేజీ ఒకటి కనిపించింది. మధ్యలో నిలువుగా గీత. ఎడమ పక్కన "ఒక్కదాన్నే, ఆరు రోజులు". కుడి పక్కన "ఇద్దరం, ఏడు రోజులు". రెండిటికీ కింద ఖర్చులు వేసి ఉన్నాయి. ఎడమవైపు అంకె కుడివైపు దాంట్లో సగానికి కాస్త ఎక్కువ. ఎడమవైపు నాలుగో రోజు ఖాళీ లేదు. మూడో రోజు గుడిసె, నాలుగో రోజు చెట్లు ఆగే చోటు.

ఇరవై మూడేళ్ళ కాపురం.

"నన్ను ఇడిసిపెట్టి పోదామనుకున్నవా?" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

"లెక్క రాసిన. పోతనన్ననా?"

"లెక్క రాసినవంటే పోయినట్టే గదా."

"మీరు మూడుసార్లు రాసిండ్రు. ఒక్కసారన్న పోయినమా?"

ఆమె కుడి పక్క మీద వేలు పెట్టింది. అక్కడ ఎర్ర పెన్నుతో టిక్కు ఉంది, పిల్లల కాపీలు దిద్దే పెన్ను అది.

"జెర ఇటు చూడుండ్రి. టిక్కు దేనికి పెట్టిన్నో."

"మరి ఆ ఖాళీ రోజు?"

"పాఠం ప్లాన్ రాసేటప్పుడు ప్రతి యూనిట్‌ల ఒక పీరియడ్ ఖాళీ పెడ్తం. అందరికి సమజైనా ఒకలిద్దరు ఎనకపడ్తరు. వాళ్ళు వచ్చి కలిసేదాంక ఆగాలె గదా."

"అంటే నీ మోకాలు కోసం కాదా?"

"నా మోకాలుకి నడకతోని తక్లీఫ్ లేదు, దిగుడుతోనే. లిఫ్టు ఖరాబైనప్పుడల్ల రెండో అంతస్తుల ఆగి ఫోన్ చూస్తరు. ఎన్నేండ్ల సంది చూస్తున్న, నాకు తెల్వదా?"

నన్ను వెంట తీసుకెళ్ళడానికి అయ్యే ఖర్చు ఒక రోజు. ఆమె అది లెక్కేసి, రాసి, టిక్కు పెట్టుకుంది. నేను దాన్ని నాలుగుసార్లు కొట్టేశాను, ఒకసారి దొంగచాటుగా. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. ముక్కూమొహం తెలియని ముప్పై మందికి ప్రతి లిస్టులోనూ అన్నం రాసిపెడతాను. ఆమె కోసం ఒక్క పూట ఎక్కువ రాసింది లేదు. కుక్కరు బ్యాగులోంచి తీసి బయట పెట్టాను. ఆమె దాన్ని చూసి పకపకా నవ్వింది. బత్తాయిలు ఒలుచుకుని తిని దిగాం.

ఇంటికి రాగానే బాల్కనీలోకి వెళ్ళి గైడుకి ఫోన్ చేశాను. నాలుగో రోజు మళ్ళీ పెట్టాలి, గుడిసె వేరేవాళ్ళకి ఇచ్చేశావా ఏంటి అని కంగారుగా అడిగాను.

"నేను తీసెయ్యలేదు సాబ్" అన్నాడు. "మేడమ్ మొదట్లోనే చెప్పారు. సాబ్ ఫోన్ చేసి నాలుగో రోజు తీసెయ్యమంటారు, సరే అను, తీసెయ్యకు అని."

లోపల ఆమె ఆరో తరగతి కాపీలు దిద్దుకుంటోంది. నేను ఫోన్ చేస్తానని ఆమెకు ముందే తెలుసన్నమాట. నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

గుండె డాక్టరుకు చూపించుకున్నాను. గుండె బాగానే ఉంది, పొట్టే బాగాలేదు అన్నారు. నెల రోజులు లిఫ్టు ఎక్కలేదు. పొద్దున్నే ఆమె వెంట బొల్లారం వైపు నడిచాను, ఫోన్ ఇంట్లోనే పెట్టి. ఒక సాయంత్రం కూర్చుని లిస్టు కొత్తగా రాశాను. ఇద్దరికి అంటే ఇద్దరికే. పైన పదో వంతు లేదు, సకినాలు లేవు, మూడో కూలీ లేడు. ఒక ఆవకాయ డబ్బా మాత్రం ఉండనిచ్చాను, అంతటి త్యాగం నా వల్ల కాదు. నాలుగో రోజు ఎదురుగా ఇద్దరికీ పర్మిట్, ఇద్దరికీ మూడు పూటలు రాశాను. మొత్తం అరవై వేలు దాటింది. అంకె కింద గీత గీసి ఆమెకిచ్చాను. ఆమె పైనుంచి కిందిదాకా చదివి, ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి, టికెట్లు బుక్ చెయ్యమంది.

అక్టోబరులో వెళ్ళాం. మూడో రోజు గుడిసె చేరేసరికి నా తల దిమ్మెక్కిపోయింది, కాళ్ళు నావి కావు. నాలుగో రోజు పొద్దున గైడు పైకి చూపించి, చెట్లు ఆగేది అక్కడే, మేడమ్ నడకకు మూడు గంటలు అన్నాడు. ఆకాశం నీలంగా ఉంది. రేపు ఎట్లా ఉంటుందో అతనికీ తెలియదు.

"నువ్వు పోయి చూసిరా. నేను ఈడనే ఉంట" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

"ఖాళీ పీరియడ్ల టీచర్ క్లాస్ ఇడిసిపెట్టి పోదు" అని ఆమె మేజోళ్ళు ఉతికి రాళ్ళ మీద ఆరేసింది. రోజంతా గైడుని ఆ చెట్టు పేరేంటి, ఈ చెట్టు పేరేంటి అని అడిగి రాసుకుంది. మధ్యమధ్యలో మబ్బు వస్తోందేమోనని పైకి చూసింది. నేను చూడట్లేదనుకున్నప్పుడు చూసింది గానీ నాకు కనిపించింది.

మబ్బు రాలేదు. ఐదో రోజు పొద్దున్నే బయల్దేరాం. దేవదారులు పోయాయి. తర్వాత తెల్లటి బెరడున్న చెట్లు, వంకర్లు తిరిగి, మా ఎత్తుకు, ఆ తర్వాత మా భుజాల ఎత్తుకు. ఆమె, గైడు ముందు వెళ్ళిపోయారు. నేను పదడుగులేసి ఆగుతూ వచ్చాను. చాలాసేపటికి పైన ఒక చిన్న చెట్టు పక్కన ఆమె నిలబడి ఉండటం కనిపించింది. చెట్టు ఆమె నడుము దాకా ఉంది. దాని అవతల అంతా గడ్డి, ఆ గడ్డి చివర మంచు.

నేను చేరేదాకా ఆమె అక్కడే ఉంది.

"గీత లేదు గదండీ" అంది. నిజమే, వరసగా ఎక్కడా ఆగలేదు. ఇక్కడొకటి, అక్కడొకటి, మనసొప్పక ఆగినట్టున్నాయి. "ఇరవై ఆరేండ్లు తప్పు గీసిన" అని నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. "పాండ్రి" అని, నా మోచెయ్యి పట్టుకుని గడ్డిలోకి అడుగు పెట్టింది.

దిగేటప్పుడు గైడు నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పాడు. మేడమ్ ఆ చెట్టు దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డారు సాబ్, గడ్డిలోకి పోదాం రండంటే రాలేదు, కూర్చోమన్నా కూర్చోలేదు, కూర్చుంటే మోకాలు బిగుసుకుపోతుంది, మళ్ళీ లేవలేనన్నారు అని.

ముందు ఆమె పక్కకు తిరిగి, కర్ర ఊనుకుంటూ దిగుతోంది. నేను నాలుగడుగులు గబగబా వేసి ఆమె బ్యాగు అందుకున్నాను. ఆమె ఇవ్వననలేదు.